నూనె మరక కింద ఇరవై మూడో ఎత్తు

సమోసల పొట్లం విప్పితే ఆట దొరికింది.
ఇల్మార్ కాస్క్ ఆడినది, యాభై ఏండ్ల కిందట,
ఏదో మంచు దేశంల.
ఇంగ్లీషు పేపర్ల ఓ మూలకు
అచ్చరాలు, అంకెలు, అంతే.
ఇద్రీస్ సమోస తినుడు ఇడిసిపెట్టి
చేతులు తుడుసుకున్నడు.

సోహార్‌ల జూన్ నెల.
పన్నెండున్నర నుంచి మూడున్నర దాక
ఎండకు జడిసి సర్కారే పని బంద్ పెట్టిస్తది.
ట్రైలర్ కింద నీడ,
నీడల ప్లైవుడ్ చెక్క,
చెక్క మీద మార్కర్‌తోటి గీసిన గడులు.
నట్లు బంట్లు. పొడుగు బోల్టులు రాజులు.
తుప్పు పట్టినయి నల్లపావులు.

నాకు ఏనుగంటే మూలకుండేది.
ఇద్రీస్‌కు ఏనుగంటే నా శకటు.
"ఫీల్ నడుపు ఊదల్" అంటడు,
నేను ఇంకోటి పట్టుకుంట.
(ఓదెలు అనరాదు వానికి, ఏడాదైనా.)
మంత్రి కాడ మాత్రం లొల్లి లేదు,
వజీర్ అంటే సూడాన్‌ల గూడ వజీరే.

కాస్క్ మెల్లగ మొదలువెట్టిండు.
చుట్టమింటికొచ్చి చెప్పులు వరుసగ ఇడిసినట్టు
ఒక్కొక్క పావును తెచ్చి పెట్టిండు.
శకటును దూరంగ మూల బాటకు ఆనించిండు,
మేం దాన్ని మరిచిపోయినం.
ఆయన మరువలే.

ఇరవై మూడో ఎత్తు మీద నూనె మరక.
నల్లపావులాయన జవాబు కనవడ్తది:
పక్కకున్న బంటు, ఒక గడి ముందుకు.
తర్వాత మంత్రి పోయి గుర్రాన్ని చంపుతది.
బంటు మంత్రిని చంపుతది.
ఏనుగు జీ-ఒకటికి, షా!

జీ-ఒకటిల రాజున్నడు కద.
సొంత రాజు నెత్తి మీద ఏనుగెట్ల కూసుంటది?
"పేపరోడు తప్పు అచ్చేసిండు" అన్నడు ఇద్రీస్.
ఎనిమిది దినాలు గదే మాట.
రాత్రి బంకు బెడ్డు మీద పండుకొని
పై మంచం అడుగు చెక్కల
గడులు లెక్కవెట్టిన.

తొమ్మిదో దినం పొద్దుగాల
క్రేన్‌కు సైగలు చేస్తున్న.
పైపుల కట్ట గాలిల ఆగింది.
అది దిగాల్సిన జాగల నేనే నిలవడ్డ.
ఒక్క అడుగు పక్కకు జరిగి
చెయ్యి కిందికి ఊపిన.
ఊపిన చెయ్యి ఊపినట్టే ఉండిపోయింది,
ఆపరేటర్ పైనుంచి తిట్టేదాక.

మరక కింద రాజున్నడు!
ఎవరూ తరమలే ఆయన్ను, షా లేదు, భయం లేదు.
నిద్రల ఒత్తిగిలినట్టు
ఊరికే ఓ గడి జరిగిండు.
పక్క గడా, మూల గడా?
పక్క గడిల పెట్టి చూస్తే
గుర్రం దుంకి షా అంటది, పని చెడ్తది.
మూలకే.
ఏనుగుకు జాగ ఇయ్యడానికి.

మంత్రినిచ్చుడు చూస్తే ఎవరైనా చప్పట్లు కొడ్తరు.
నాకు ఆ అడుగు చాలు.
అంత మంట పెట్టెటోడు
ముందుగాల లేచి కుర్చీ జరిపిండు.
అవతలాయన అది చూసి గూడ బంటును నడిపిండు.
తప్పు పట్ట, నేనైనా గదే నడుపుతుంటి.

క్యాంపుకొచ్చిన లీడరొకడు ఓపారి
మిమ్ముల బంట్లను చేసి ఆడుతున్నరు అని ఏడ్చిండు.
ఆయనకు ఆట రాదు.
ఆ మూడు గంటలు మేం పావులం కాదు,
కాస్క్ పక్కన కూసున్నోళ్ళం.

ఇద్రీస్ కాయితాన్ని ఎండకు పట్టిండు.
నూనెల నుంచి వెనుక పేజీల బిర్యానీ ఫొటో కనవడ్డది,
దాని మీద ఓ అచ్చరం, ఉన్నట్టే ఉన్నది, లేనట్టు గూడ.
ఫోన్‌ల వెతుకుదామన్నడు.
వద్దన్న.

అచ్చైన ఆట ఏనుగు షాతోటే ఆగింది,
ఆడికే ఓటమి ఒప్పుకున్నడట అవతలాయన.
మాకు ఆగబుద్ధి కాలే.
తుప్పు రాజును మూలకు నూకినం.
ఇగ మరిచిపోయిన శకటు ఒక్కటి మిగిలింది,
బాటంత ఖాళీ దాని ముంగట.
శకటు అని నేను, ఫీల్ అని ఇద్రీస్,
ఒకటే బోల్టు మీద ఇద్దరి చేతులు పడ్డయి.

మూడున్నర సైరన్ మోగింది.
ఇంక చెయ్యి తియ్యలే ఎవరం.